త్రీ ఎయిటీ సిక్స్‌కు నేను పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివరన, కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. దుమ్ము పడితే అది చెడిపోతుందని ఎవరో చెప్పారు, అందుకని. కానీ ఒకసారి చెప్పులు విప్పాక మనిషికి తెలియకుండానే గొంతు తగ్గిపోయేది, చేతులు కట్టుకునేవి. మా ఆఫీసుకు సరుకు తెచ్చే లారీ డ్రైవర్లు కూడా గుమ్మం దగ్గరే నిలబడి, తలలు మాత్రం లోపలికి పెట్టి, తెర మీద వెలిగే ఆకుపచ్చ అక్షరాలను కాసేపు చూసి వెళ్లేవారు. అలాంటి గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడికి ఎంత గౌరవం దక్కి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ గౌరవాన్ని నేను దాదాపు రెండేళ్లు అనుభవించాను. దానికి నేను తగనని ఆ రెండేళ్లూ నాకొక్కడికే తెలుసు. మిగతావాళ్లకు ఎలా తెలిసిందన్నదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. శాలిబండలో ఒక మిఠాయి దుకాణం పైన చిన్న గది ఉండేది. అందులో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు. కంప్యూటర్ ఒకటి, మేము నలభై మందిమి. మా వంతు వచ్చేదాకా అట్టముక్క మీద గీసిన కీబోర్డు ఒకటి ముందు పెట్టుకుని దాని మీదే వేళ్లు ఆడించేవాళ్లం. మా సారు బెంచీల మధ్య తిరుగుతూ, "ఇగ ఇప్పుడు ఎంటర్ కొట్టుండ్రి" అనేవాడు. నలభై మందిమీ ఒక్కసారిగా అట్టను పొడిచేవాళ్లం. ఏమీ జరిగేది కాదు. కింది నుంచి జిలేబీ వాసన మాత్రం వచ్చేది. అలా ఆరు నెలలు గడిచాక, నా పేరు కొంచెం తప్పుగా రాసిన సర్టిఫికెట్ ఒకటి చేతికొచ్చింది. అది పట్టుకుని చాంద్రాయణగుట్ట వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రభుత్వ రంగ సంస్థ గోదాం ఆఫీసుకు వెళ్లాను. చేతిపంపులకూ బోరు మోటార్లకూ కావలసిన విడిభాగాలు ఆ గోదాం నుంచే జిల్లాలకు వెళ్లేవి. ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే ప్రశ్న. "కంప్యూటర్ వచ్చా?" అన్నారు. "వచ్చు సార్" అన్నాను. (అడిగినాయనకు రాదు కాబట్టి ప్రశ్న అక్కడితో ఆగింది.) టెంపరరీగా తీసుకున్నారు.

అక్కడ ఒక టూ ఎయిటీ సిక్స్ ఉండేది. ఆ అంకె కంప్యూటర్ లోపల ఉండే ప్రాసెసర్‌ది. అసలు పనంతా చేసేది అదే. మేము మాత్రం యంత్రం మొత్తాన్నీ ఆ అంకెతోనే పిలిచేవాళ్లం, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. "ఇయ్యాల టూ ఎయిటీ సిక్స్‌కు పానం బాగలేదు" అనుకునేవాళ్లం. నాకు మూడు నాలుగు కమాండ్లు వచ్చు. నెలకోసారి నాలుగు వేల చిల్లర విడిభాగాల పేర్లను అక్షరాల వరుసలో పేర్పించి, జాబితా అచ్చు వేయించడమే నా ఉద్యోగం. మిగతా రోజుల్లో కనుబొమలు ముడిచి తెర వైపు చూస్తుండేవాణ్ని. అలా చూస్తున్నవాణ్ని ఎవరూ పలకరించరు, ఆ రహస్యం మొదటి వారంలోనే కనిపెట్టాను. నా ముందు బల్ల దగ్గర రిజిస్టరక్క కూర్చునేది. ఆమె పద్దెనిమిదేళ్లుగా ఆ గోదాం రిజిస్టర్లు రాస్తోంది. ఏ వాషరు ఏ అరలో ఉందో తల ఎత్తకుండా చెప్పేది. ఆదివారాలు చర్చిలో పాటలు పాడే మనిషి కాబట్టి ఆ చెప్పడం కూడా ఒక రాగంలో ఉండేది. నా గుట్టు ఆమెకు తెలుసేమోనని నాకు మొదటి నుంచీ అనుమానం.

మా పెద్దసారు గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడు, ఏ కాగితం మీదా తొందరపడి సంతకం పెట్టేవాడు కాదు. ఒకరోజు నన్ను పిలిచి కూర్చోమన్నాడు. (అప్పటిదాకా ఆయన గదిలో నేను కూర్చోలేదు. ఆ కుర్చీ కూడా అది గ్రహించినట్టు కిర్రుమంది.)

"ఏమయ్యా, త్రీ ఎయిటీ సిక్స్ అని కొత్తది వచ్చిందట. మన పాతదాని మీద ఖరీదు దాదాపు రెట్టింపు. పదిహేను రోజులు వాడి చూడమని కంపెనీవాళ్లు ఒకటి పంపిస్తున్నారు. ఆ రెట్టింపుకు తగ్గ పని చేస్తుందా లేదా అని హెడ్డాఫీసుకు అభిప్రాయం రాయాలి. ఆ అభిప్రాయం నువ్వు రాయి."

"నేనా సార్?"

"మరెవరు? ఈ ఆఫీసులో తెలిసినవాడివి నువ్వొక్కడివే. బాగా రాశావనుకో, నీ పర్మనెంటు విషయం కూడా దాంతోపాటే పంపిద్దాం."

ఆ సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికి వచ్చాను. పర్మనెంటు అనే మాట ఒక చెవిలో, అభిప్రాయం అనే మాట ఇంకో చెవిలో. ప్రాసెసర్ ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు. గుండ్రంగా ఉంటుందో పలకగా ఉంటుందో తెలియనివాడు దాని విలువ తేల్చాలి.

మరుసటి వారం కొత్త యంత్రం వచ్చింది, దానితోపాటు ఒకతను వచ్చాడు. నా వయసువాడే, బక్కగా పొడుగ్గా ఉన్నాడు. మే నెల ఎండలో మెడకు ఎర్ర టై. ఆ రోజే మేమతనికి టైభాయ్ అని పేరు పెట్టేశాం. డబ్బాలు విప్పి, తీగలు కలిపి, ఇంగ్లీషులో ఒక ప్రసంగం చేశాడు. బట్టీ పట్టిన ప్రసంగమని ఇట్టే తెలిసిపోయింది, ఎందుకంటే మధ్యలో రిజిస్టరక్క తుమ్మితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. అంతా అయ్యాక నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"సార్, మీరే ఎక్స్‌పర్ట్ అని చెప్పిండ్రు. జెర మంచిగ చూడుండ్రి. ఆరు నెలలు టెస్టింగ్ మీద పెట్టుకున్నరు నన్ను. ఐదు నెలలు అయిపాయె. ఒక్కటి గూడ అమ్మలేదు."

"ఫికర్ చేయకు భాయ్," అన్నాను. ఎక్స్‌పర్టులు అలాగే అంటారని నా ఊహ.

ఆ యంత్రం ముందు భాగంలో ఒక మీట ఉంది. పక్కన చిన్న పసుపు దీపం వెలుగుతోంది. మీట కింద టర్బో అని రాసి ఉంది. "ఇదేంది?" అన్నాను. "స్పీడ్ కోసం సార్" అన్నాడు టైభాయ్. అతని ప్రసంగంలో దాని గురించి ఉన్నది అంతే. నేను గంభీరంగా తల ఊపాను. (మా పాతదానికి అలాంటి మీట లేదు. మా శాలిబండ అట్టముక్క మీద అసలే లేదు.)

ఇంటికి వచ్చి అన్నం తింటూ బాపుతో చెప్పాను. బాపు సిటీ బస్సు డ్రైవర్. ముప్పై ఏళ్లుగా చార్మినార్ చుట్టూ రిక్షాలనూ బుర్ఖాలనూ మేకలనూ తప్పించుకుంటూ బస్సు నడిపిన మనిషి. యంత్రాల విషయంలో మా ఇంట్లో ఆయన మాటే చివరి మాట.

"కొత్తదా? కొత్త బండిని మొదట్ల గట్టిగ తోలొద్దు కొడుకా. నలభై దాటనియ్యొద్దు. మొదట్లనే ఉరికిస్తివా, ఇంజన్ బిగుసుకపోతది."

"కంప్యూటర్‌కు ఇంజన్ ఉండది బాపు."

"మరేముంటది?"

"ప్రాసెసర్ అని ఉంటది."

"అదేం జేస్తది?"

"పనంతా అదే జేస్తది."

"మరి గదే కద ఇంజన్ అంటే," అన్నాడు బాపు, పచ్చిపులుసు వడ్డించుకుంటూ.

ఆ తర్కానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. మరునాడు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే, ఆ పరాయి సొత్తు మీద ఎక్కడ లేని బాధ్యత పుట్టుకొచ్చి, టర్బో మీట నొక్కాను. పసుపు దీపం ఆరిపోయింది. పసిపిల్లకు దుప్పటి కప్పినంత తృప్తి కలిగింది.

పరీక్ష శుక్రవారం పదకొండు గంటలకు. నేనే ఏర్పాటు చేశాను, నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. పాతది ఒక బల్ల మీద, కొత్తది ఒక బల్ల మీద. రెండింటిలోనూ అవే నాలుగు వేల పేర్లు. పెద్దసారు చేతిగడియారం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఆఫీసంతా చెప్పులు విప్పి వచ్చి గోడ వెంబడి నిలబడింది. టైభాయ్ ఇస్త్రీ చొక్కాతో, అదే ఎర్ర టైతో, తలుపు దగ్గర నిలబడ్డాడు. నా నుదుటి మీద చెమట. పరీక్ష పెట్టేవాణ్ని నేనే అయినా, పరీక్ష నాకే జరుగుతున్నట్టుంది. అంత గాభరాలో మీట సంగతి నాకు గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చి ఉంటే ఏం చేసేవాణ్నో కూడా చెప్పలేను, దీపం ఆర్పి నాలుగు రోజులే అయింది, ఇంకా ఇంజన్ అలవాటు పడలేదనుకునేవాణ్నేమో.

పాతది పదకొండు నిమిషాల్లో ముగించింది. కొత్తది మొదలుపెట్టాం. ఐదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు. పదకొండు దాటింది. ఏసీ శబ్దం తప్ప ఏమీ లేదు. పదమూడో నిమిషానికి పని పూర్తయిందన్న గుర్తు తెర మీదకొచ్చింది.

"రెట్టింపు ఖరీదుకు రెండు నిమిషాలు ఎక్కువ," అన్నాడు పెద్దసారు, గడియారం చేతికి పెట్టుకుంటూ. ఆయన ఎగతాళి చేయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను టైభాయ్ వైపు చూశాను. అతను కొత్త యంత్రం ముందు భాగాన్ని చూస్తున్నాడు. నోరు కొంచెం తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. తర్వాత నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

అదే రోజు మధ్యాహ్నం అభిప్రాయం రాశాను. ఒకటిన్నర పేజీ. "క్షుణ్ణంగా పరిశీలించిన మీదట" అని మొదలుపెట్టాను. పెద్దసారు రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, "భాష బాగుందయ్యా" అన్నాడు. ఆ పొగడ్తతో నేను ఇంటిదాకా నడిచే వెళ్లాను, బస్సు ఎక్కడం మరచిపోయి.

సోమవారం కొత్తదాన్ని డబ్బాలో సర్దమన్నారు. చివరిసారి తుడుస్తున్నాను. గుడ్డ మీటకు తగిలింది. పసుపు దీపం వెలిగింది. తెర మీద ఏవో ఫైళ్ల పేర్లు చూద్దామని కమాండు కొడితే, అంతకుముందు ఒక్కొక్కటే దిగుతూ వచ్చే వరసలు జలజలా పారిపోయాయి. కళ్లు పట్టుకోలేకపోయాయి. మీట నొక్కి దీపం ఆర్పాను. నెమ్మదిగా దిగాయి. వెలిగించాను. పారాయి. అలా ఎన్నిసార్లు చేశానో తెలియదు. నేను పరీక్షలో పాస్ చేసిందీ ఫెయిల్ చేసిందీ ఏ ప్రాసెసర్‌నీ కాదు. కాళ్లు కట్టేసిన మనిషిని పరుగు పందెంలో నిలబెట్టి, వీడు ఉరకలేడని ఒకటిన్నర పేజీ రాశాను. అందమైన భాషలో.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, గడవలేదు. చెబితే నా పర్మనెంటు పోతుంది, పర్మనెంటుతోపాటు ఉన్న టెంపరరీ కూడా పోతుంది. చెప్పకపోతే టైభాయ్‌కి మిగిలిన ఒక్క నెల కూడా నా కాగితం కింద పోతుంది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. అమ్మ నాకు దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. బాపు మాత్రం, "కొత్త బండి ఎట్లున్నది?" అని రోజూ అడిగేవాడు. "మంచిగనే ఉన్నది బాపు" అనేవాణ్ని. ఆయనకు చెప్పాలనిపించలేదు. ఆయన చెప్పింది బస్సు గురించి, దాన్ని కంప్యూటర్‌కు తగిలించింది నేను.

గురువారం రిజిస్టరక్క తన డబ్బాలోంచి రెండు చపాతీలు నా ముందు పెట్టింది. నేను వాటిని చూస్తూ కూర్చున్నాను.

"ఏమైంది నీకు? నాలుగు రోజుల సంది తెర దిక్కు గూడ సక్కగ చూస్తలేవు."

చెప్పేశాను. మీట, దీపం, బాపు, అట్టముక్క కీబోర్డు, అన్నీ. ఆమె రిజిస్టరులో గీత గీయడం ఆపకుండా వింది.

"నీకు కంప్యూటర్ రాదని నాకెప్పుడో తెల్సు," అంది చివరికి. "ఆ పిలగాని మొకం చూస్తివా ఆనాడు? నేను చూసిన. పోయి చెప్పు. పోతె నౌకరి పోతది. తిన్నది అరుగుతది కద."

ఆదివారం పొద్దున గౌలిపుర వెళ్లాను. అతనిచ్చిన కార్డు వెనుక ఇంటి గుర్తులు రాసి ఉన్నాయి. సందులో పేడ వాసన, గడ్డి మోపులు, రెండు ఇళ్ల మధ్య కట్టేసిన బర్రెలు. ఎర్ర టై కోసం వెతుకుతున్నాను కాబట్టి ముందు అతన్ని గుర్తుపట్టలేదు. లుంగీ మోకాళ్ల పైకి మడిచి, బనీను మీద, ఒక పెద్ద బర్రెను కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. నన్ను చూసి అతనే ముందు బెదిరిపోయాడు. లుంగీ కిందికి దింపి, "సార్, మీరేంది ఇక్కడ" అన్నాడు. ఇంట్లోంచి వాళ్లమ్మ తొంగి చూసి, ఆఫీసు నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని, తలమీద కొంగు లాక్కుని పాలు కాచడానికి వెళ్లింది. ఆ పాలు నా గొంతులోంచి దిగుతాయా అన్న దిగులు కూడా తోడైంది.

"నన్ను సార్ అనకు భాయ్. నాకు కంప్యూటర్ రాదు," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అతను నీళ్ల బకెట్ పక్కన పెట్టాడు. నేను దీపం సంగతి చెప్పాను. పూర్తి కాకముందే తల ఊపాడు.

"దీపం ఆరి ఉండె. ఆనాడే చూసిన."

"చూసినవా? మరి చెప్పలేదేంది?"

"నిన్ను ఎక్స్‌పర్ట్ అన్నరు. ఎక్స్‌పర్ట్ ఆర్పిండు అంటే ఏదో లెక్క ఉంటది అనుకున్న. కంపెనీల మాకు మూడు దినాలు ట్రైనింగ్ ఇచ్చిండ్రు. గిరాకీతోని ఎదురు మాట్లాడొద్దు అన్నది ఒక్కటే మస్తుసార్లు చెప్పిండ్రు. ఆ దీపం ఆరితే ఏమైతదో నాకు గూడ పక్కాగ తెల్వది."

మేమిద్దరం కాసేపు ఆ బర్రె వైపు చూస్తూ నిలబడ్డాం. అది మమ్మల్ని పట్టించుకోకుండా నెమరు వేస్తోంది. నేను ఎక్స్‌పర్టునని అతను నమ్మాడు. అతను కంపెనీ మనిషని నేను నమ్మాను. మా ఇద్దరినీ నమ్మి పెద్దసారు సంతకం పెట్టాడు. ఆ ఆఫీసు గదిలో ఆ రోజు చెప్పులు విప్పి నిలబడ్డవాళ్లలో తెలిసినవాడు ఒక్కడూ లేడు.

"ఇంకోపారి పరీక్ష పెట్టిస్తవా అన్నా?" అన్నాడతను. సార్ నుంచి అన్నకు వచ్చాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వాళ్లమ్మ ఇచ్చిన పాలు తాగాను. దిగాయి.

సోమవారం పెద్దసారు గదిలోకి వెళ్లి నిలబడి చెప్పాను. ఆయన కూర్చోమనలేదు. చెప్పడం అయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే నీకు కంప్యూటర్ రాదు."

"రాదు సార్."

"రెండేళ్ల నుంచీ?"

"అంతకుముందు కూడా సార్."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు, కిటికీలోంచి లారీ వైపు చూశాడు. "నీకు రాదని కనిపెట్టాలంటే నాకు రావాలి," అన్నాడు చివరికి. "సంతకం నాది. కాగితం ఇంకా పంపలేదు. ఎల్లుండి ఆ డబ్బాలు తీసుకెళ్లడానికి వస్తారుగా, అంతకుముందే ఇంకోసారి పెట్టు."

బుధవారం మళ్లీ అదే గది, అవే బల్లలు. ఈసారి దీపం వెలుగుతోంది. టైభాయ్ దాని పక్కనే, దీపాన్ని కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాడు. పాతది మళ్లీ పదకొండు నిమిషాలే తీసుకుంది. కొత్తది మొదలుపెట్టాం. నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి అందరూ తెర దగ్గరికి వంగి ఉన్నారు. నాలుగు నిమిషాలు. నాలుగు వేల పేర్లు, ఒక్కటి కూడా వరస తప్పకుండా. టైభాయ్ నా చెయ్యి పట్టుకుని నలిపేశాడు. రిజిస్టరక్క "స్తోత్రం" అంది మెల్లగా. నా పాపం కొట్టుకుపోయిందనీ, అతని నౌకరీ నిలిచిందనీ అనుకున్నాను. నా పర్మనెంటు పోయినా సరే, మనిషిగా గట్టెక్కాననుకున్నాను. ఆ సంతోషం ఉన్నది కాసేపే అయినా, అంత శుభ్రమైన సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

పెద్దసారు గడియారం చేతికి పెట్టుకోలేదు. దాన్నే చూస్తూ అన్నాడు:

"బాగుంది. పదకొండు నిమిషాల పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మరి మిగిలిన ఏడు నిమిషాలూ మనం ఏం చేద్దాం?"

"ఇంకో లిస్టు చేసుకోవచ్చు సార్," అన్నాడు టైభాయ్.

"మనకున్నదే ఒక్క లిస్టు బాబూ. అదీ నెలకొకసారి. దాన్ని అచ్చు వేయడానికి ఆ ప్రింటరు రెండు గంటలు తీసుకుంటుంది. అది ఇంతకన్నా తొందరగా కొడుతుందా?"

"అది ప్రింటర్ సార్. దాని స్పీడ్ దానిదే."

"అదే నేను అనేది," అన్నాడు పెద్దసారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆయనకు ఆ యంత్రం నచ్చింది. టైభాయ్ నచ్చాడు. ఇంకా చిత్రంగా, నేను కూడా నచ్చాను. కానీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. నెలకు ఏడు నిమిషాలు. వాటిని పెట్టుకోవడానికి మా ఆఫీసులో చోటు లేదు. నాకయితే నెలంతా అలాంటి నిమిషాలే.

ఆ మధ్యాహ్నం అభిప్రాయం తిరగరాశాను. కొత్తది వేగంలో మేలని, కానీ ఈ ఆఫీసుకు ఆ వేగంతో పని లేదని. ఐదు వాక్యాలు. ఈసారి పెద్దసారు భాషను మెచ్చుకోలేదు. అబద్ధం రాసినా, నిజం రాసినా ఫలితం ఒక్కటే అయింది. ఆ సంగతి జీర్ణం కావడానికి నాకు చపాతీలకన్నా ఎక్కువ కాలం పట్టింది.

డబ్బాలు తీసుకెళ్లడానికి కంపెనీ బండి రాలేదు. టైభాయ్ ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకొచ్చాడు, తోడు నేనెక్కాను. వెనుక ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో డబ్బాలు. మానిటర్ డబ్బా తాడు తెగిపోతే టై విప్పి దాంతో కట్టేశాడు. శాలిబండ ఎత్తు ఎక్కే చోట ఆటో ఆగిపోయింది. ముందు ఒక తోపుడుబండి, దాని ముందు పెళ్లి బ్యాండు. ఎండ నెత్తి మీద. అతను మానిటర్‌ను రెండు చేతులా పొట్టకు అదుముకుని కూర్చున్నాడు.

"నా మీద కోపం లేదా భాయ్?" అన్నాను.

"ఉన్నది," అన్నాడు. "రేపు తిడత. ఇయ్యాల ఇది పట్టుకోవాలె."

మాట మీద నిలబడే మనిషి. మరునాడు పొద్దున తొమ్మిదింటికి మా ఇంటి దగ్గర, చాంద్రాయణగుట్ట బస్టాపులో నా కోసం ఎదురుచూస్తున్నాడు, టై లేకుండా. అక్కడే, కూరగాయలవాళ్లు వింటుండగా, తిట్టడం మొదలుపెట్టాడు. తెలుగులో కొంత, ఉర్దూలో కొంత, నా సర్టిఫికెట్‌తో మొదలుపెట్టి, మీట నొక్కిన నా వేలితో ముగించాడు. ఒక్క మాట కూడా అన్యాయంగా అనలేదు, అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. నేను ఎక్కాల్సిన బస్సులు రెండు వెళ్లిపోయాయి. రెండోదాన్ని నడుపుతున్నది బాపే. నన్నూ అతన్నీ చూసి, ఏదో పెద్ద వ్యవహారం మాట్లాడుకుంటున్నామనుకుని, హారన్ కొట్టి వెళ్లిపోయాడు. అంతా అయ్యాక టైభాయ్ ఊపిరి పీల్చుకుని, "నెలాఖరు దాక రమ్మన్నరు. ఆ తర్వాత వద్దన్నరు," అన్నాడు. తర్వాత, "ఛాయ్ తాగుతవా?" అంటూ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లోకి దారి తీశాడు.

అతని నౌకరీ పోయింది. నాది పర్మనెంటు కావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. అతను కొన్నాళ్లు పాలు పోశాడు, కొన్నాళ్లు టీవీలు బాగుచేశాడు, ఆ తర్వాత ఊరు పెరిగి ఎవరి సందులో వాళ్లం తప్పిపోయాం. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ త్రీ ఎయిటీ సిక్స్ ఎవరి బల్ల మీద చేరిందో, అక్కడ దానికి తగిన తొందర ఎవరికైనా ఉందో లేదో, అదీ తెలియదు. కానీ ఆ ఇరానీ హోటల్లో కూర్చున్న ఇరవై మూడేళ్లవాణ్ని, అంటే అప్పటి నన్ను, ఇప్పటికీ అప్పుడప్పుడు చూస్తుంటాను. చెవులు ఎర్రగా కందిపోయి, కళ్లు ఎవరికీ కనబడకుండా తుడుచుకుంటూ, నా జీవితం ఇక ముగిసిపోయిందని గట్టిగా నమ్ముతూనే, రెండో సమోసా తనకొస్తుందా రాదా అని ఓరగా ప్లేటు వైపు చూస్తున్నవాణ్ని. వాడి మీద నాకు కోపం రావాలి. ఎంత ప్రయత్నించినా నవ్వే వస్తుంది. ఆ సమోసాను టైభాయ్ సగానికి విరిచాడు, పెద్ద ముక్క వాడికిచ్చాడు.